ఏజెంటుకి ఓనరు డబ్బులెందుకు ఇవ్వాలి? పన్నెండేళ్లు ఆ డబ్బులు తీసుకున్నవాడి జవాబు

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్ నిజాంపేటలో మీకో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది, మీరేమో బెంగళూరులో ఉంటారు. పాతవాళ్లు మే నెలాఖరుకి ఖాళీ చేశారు. అద్దె 24 వేలు, మెయింటెనెన్స్ వేరే. మనిషిని చూసిపెడతానంటూ ఓ ఏజెంటు మీ దగ్గర నెల అద్దె అడుగుతున్నాడు, వచ్చేవాళ్ల దగ్గర కూడా ఇంకో నెల తీసుకుంటానంటున్నాడు. "ఇల్లు నాది, అవసరం వాళ్లది, మధ్యలో నేనెందుకు ఎదురు కట్నం ఇచ్చుకోవాలి?" అన్నారు.

ముందే చెప్పేస్తాను, నేను ఆ డబ్బులు తీసుకున్న బాపతే. 2006 నుంచి దాదాపు పన్నెండేళ్లు కూకట్‌పల్లి, నిజాంపేట, ప్రగతినగర్ చుట్టుపక్కల ఇళ్లు అద్దెకిప్పించాను. 2017 నవంబర్లో మియాపూర్ మెట్రో మొదలైన మరుసటేడు ఆ పని మానేశాను. ఇప్పుడు మా ఇంట్లోనే పై రెండు పోర్షన్లు అద్దెకిచ్చుకుంటున్నాను. ఓనర్ల తిట్లూ తిన్నాను, ఓనరుగా ఏజెంట్లని తిట్టాను కూడా.

నా జవాబు: మీ పరిస్థితిలో ఇవ్వడమే మంచిది. అయితే నెల అద్దె ఇవ్వకండి. ఒకే దఫా ఇవ్వకండి. అవతలివైపు కూడా తీసుకునేవాడికైతే అసలు ఇవ్వకండి.

ముందు లెక్క చూద్దాం. 24 వేలంటే రోజుకి 800. ఇల్లు ఖాళీగా ఉందని అసోసియేషన్‌వాళ్లు మెయింటెనెన్స్ వదిలిపెట్టరు. అది నెలకి రెండున్నర వేలనుకుంటే రోజుకి ఇంకో 80 పైచిలుకు. అంటే తలుపుకి తాళం ఉన్న ప్రతిరోజూ మీకు 880 రూపాయలు పోతున్నాయి. ఏజెంటుకి పదిహేను రోజుల అద్దె, 12 వేలు ఇచ్చారనుకోండి. అతను మీకంటే రెండు వారాలు ముందు మనిషిని తెస్తే ఆ డబ్బు తిరిగొచ్చేసినట్టే. అదే నెల అద్దె ఇస్తే 27 రోజులు ముందు తేవాలి. సరైన రేటు పెట్టిన డబుల్ బెడ్‌రూమ్ నిజాంపేటలో అన్నాళ్లు ఖాళీగా ఉండడం నేను పెద్దగా చూడలేదు. నెల అద్దె ఎక్కువ అంటున్నది అందుకే.

ఇంకోలా చూడండి. వచ్చినవాళ్లు 11 నెలలకే వెళ్లిపోతే మీ చేతికొచ్చేది 2,64,000. అందులో 12 వేలంటే నాలుగున్నర శాతం. మూడేళ్లుంటే, అద్దె ఒక్క రూపాయి పెంచకపోయినా, 8,64,000 వస్తుంది. అప్పుడు ఆ 12 వేలు ఒకటిన్నర శాతం కూడా కాదు. కాబట్టి ఫీజు గురించి బేరమాడే ముందు మనిషి ఎన్నాళ్లుంటాడో ఆలోచించుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే ఏజెంటు సంపాదన దీనికి సరిగ్గా అడ్డం తిరిగి ఉంటుంది. మూడేళ్లలో మీ ఇంట్లో ముగ్గురు మారితే అతనికి మూడు కమీషన్లు, ఒకరే ఉండిపోతే ఒకటే కమీషన్. కావాలని ఖాళీ చేయించేవాళ్లు తక్కువే (లేకపోలేదు, ఆ కథ ఇంకెప్పుడైనా). కానీ నిలిచే మనిషిని ఏరి తెచ్చే ఓపిక ఊరికే రాదు, దానికి మీరు ఏదో ఒక ఆశ పెట్టాలి.

మన హైదరాబాద్ అలవాటు ప్రకారం ఇల్లు వెతుక్కునేవాళ్లే ఏజెంటుకిస్తారు. పదిహేను రోజుల అద్దె దగ్గర్నుంచి నెల అద్దె దాకా. ఓనరు చాలాసార్లు పైసా ఇవ్వడు. నేనూ అప్పట్లో "మీ దగ్గర ఏమీ తీసుకోను సార్, తాళాలిస్తే చాలు" అని గొప్పగా చెప్పేవాణ్ణి. ఆ మాటకి అసలర్థం ఇప్పుడు చెప్తాను. నా దగ్గరున్న పార్టీకి మీ ఇల్లు నచ్చకపోతే పక్క వీధిలో ఇంకోటి చూపిస్తాను, నా డబ్బులు నాకొస్తాయి. మీ ఇల్లు ఇవాళ పోయినా, రెండు నెలల తర్వాత పోయినా నాకు ఒకటే. (మా భాషలో ఇల్లు పోవడమంటే అద్దెకి వెళ్లడం, కంగారు పడకండి.)

శనివారం సాయంత్రం పార్టీని తీసుకెళ్లి నాలుగిళ్లు చూపించేవాణ్ణి. మొదటి రెండూ నచ్చవని నాకు ముందే తెలుసు. ఒకటి లిఫ్టు లేని మూడో అంతస్తు, ఇంకోటి పగలు కూడా లైటు వేసుకోవాల్సిన ఇల్లు. వాటిని చూసి చూసి కాళ్లు పీకుతున్న సమయానికి మూడో ఇంట్లోకి తీసుకెళ్తే హాలు అడుగు పెట్టగానే పెద్దగా కనిపిస్తుంది. నాలుగోది పేరుకే. మీ ఇల్లు ఆ వరసలో మొదటిదవుతుందో మూడోదవుతుందో నా చేతిలో ఉండేది. డబ్బులిచ్చే ఓనరు ఇల్లు నేనెప్పుడూ మొదట చూపించలేదు.

మరి రెండువైపులా తీసుకుంటే తప్పేమిటంటారా? బేరం దగ్గర తెలుస్తుంది. వచ్చినవాళ్లు 22 వేలకి అడుగుతారు. ఏజెంటు మీకు ఫోన్ చేసి "మార్కెట్ డల్‌గా ఉంది సార్, ఇచ్చేయండి, మంచి ఫ్యామిలీ" అంటాడు. ఒక నెల అద్దె కమీషన్ అనుకున్నా ఆ రెండు వేల తగ్గింపులో అతనికి పోయేది ఒక్కో వైపు ఒక్క రెండు వేలు, అదీ ఒకేసారి. మీకు పోయేది నెలనెలా రెండు వేలు, 11 నెలలకి 22 వేలు. ఇటు మీకు సర్దిచెప్పి, అటు వాళ్లకి "ఓనర్ని నేనే ఒప్పించా" అని చెప్పుకుంటాడు. రెండు జేబుల్లోంచీ తీసుకునేవాడికి ఆ బేరం త్వరగా తెగడం తప్ప ఇంకో ధ్యాస ఉండదు.

ఇంతకీ మీ 12 వేలకి ఏం పని జరగాలో ఎవరూ చెప్పరు. దాని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

ఖాళీ ఇంటికి ఒక వాసన ఉంటుంది. చాలామంది అది గోడల చెమ్మ అనుకుంటారు. నిజానికి ఎక్కువసార్లు అది బాత్రూముల్లోంచి వస్తుంది. జాలీ కింద వంపులో కాసిని నీళ్లు నిలిచి డ్రైనేజీ వాసన పైకి రాకుండా అడ్డుకుంటాయి. ఇల్లు వాడకపోతే, అందులోనూ ఎండాకాలంలో, ఆ నీళ్లు ఆవిరైపోతాయి. పని తెలిసిన ఏజెంటు పార్టీ కంటే అరగంట ముందు వెళ్లి రెండు బాత్రూముల్లో, వంటింటి సింకులో, వాష్ ఏరియాలో ఒక్కో మగ్గు నీళ్లు పోస్తాడు. కిటికీలన్నీ బార్లా తీస్తాడు. బల్బులు వేసి చూస్తాడు, కరెంటు బిల్లు కట్టక సప్లై ఆపేసి ఉంటే అప్పటికప్పుడు మీకు ఫోన్ చేస్తాడు. వంటగట్టు మీద బొద్దింక కనిపిస్తే ఆ ఇల్లు ఆ రోజుకి పోనట్టేనని అతనికి తెలుసు. మా ఆవిడ అంటూ ఉండేది, ఇల్లు ఆడవాళ్లు వంటింట్లో ఓకే చేస్తారు, మగాళ్లు పార్కింగ్‌లో ఓకే చేస్తారు అని. నేను చూసినంతలో పార్కింగ్‌లో ఓకే అయి వంటింట్లో వద్దన్న ఇల్లు ఒక్కటీ పోలేదు.

పని పట్టనివాడు పార్టీని గుమ్మం ముందు నిలబెట్టి, వాచ్‌మన్ తాళాలు తెచ్చేదాకా ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. బెంగళూరులో ఉన్న మీకు ఇద్దరూ ఒకే మెసేజ్ పెడతారు: "చూపించాను సార్, నచ్చలేదన్నారు."

రెండో పని, మనిషిని ఆరా తీయడం. ఆధార్, కంపెనీ ఐడీ కార్డు తీసుకోవడం అందరూ చేస్తారు, అందులో పెద్ద విశేషం లేదు. అసలు పని పాత ఓనరుకి ఫోన్ చేయడం. ఇందులో ఓ కిటుకుంది. ఇప్పుడు వాళ్లున్న ఇంటి ఓనర్ని అడిగితే ఉపయోగం తక్కువ. వాళ్లు ఎప్పుడు వదులుతారా అని చూస్తుంటే "బంగారం లాంటి మనుషులండీ" అనే చెప్తాడు. అంతకుముందు ఉన్న ఇంటి ఓనర్ని పట్టుకోవాలి. ఆయనకి దాచాల్సిన అవసరమేమీ లేదు. అద్దె ఏ తారీఖుకి వేసేవాళ్లు, అడ్వాన్స్‌లో ఎంత పట్టుకోవాల్సి వచ్చింది, ఈ రెండూ అడిగితే చాలు.

మూడోది, చేరిన వారం తర్వాత ఓసారి ఇంటికెళ్లి చూడటం. ఇది నేను నేర్చుకున్నది తప్పు చేశాకే. ప్రగతినగర్‌లో ఓ త్రిబుల్ బెడ్‌రూమ్, ఓనరు అమెరికాలో. ఆయన దగ్గర నేనేమీ తీసుకోలేదు, వచ్చినవాళ్ల దగ్గర నెల అద్దె తీసుకున్నాను. భార్యాభర్తలు ఇద్దరూ వచ్చి చూశారు, వాస్తు అడిగారు, తూర్పు గుమ్మం అని సంతోషించారు, టోకెన్ (బయానా) ఇచ్చారు. నెల తిరక్కుండానే ఆ ఇంట్లో ఎనిమిదిమంది కుర్రాళ్లు తేలారు. ఆ భర్త వాళ్లకి మంచాల లెక్కన అద్దెకిచ్చాడు, దంపతులు ఒక్కరోజు కూడా అక్కడ కాపురం పెట్టలేదు. అసోసియేషన్‌వాళ్లు ఓనరు మీద, ఓనరు నా మీద. ఖాళీ చేయించేసరికి మూడు నెలలు పట్టింది, అడ్వాన్స్ అద్దె బకాయికే చాల్లేదు, బెడ్‌రూమ్ తలుపు ఒకటి కొత్తది వేయించుకోవాల్సి వచ్చింది. చేరిన వారానికి నేను వెళ్లి ఉంటే గుమ్మం దగ్గర చెప్పులు చూసినా తెలిసిపోయేది. వెళ్లలేదు. వెళ్లి చూసినా నోరు తెరిచేవాణ్ణా అంటే ఇప్పటికీ గట్టిగా చెప్పలేను, నాకు డబ్బులిచ్చింది ఓనరు కాదుగా. ఆ ఓనరు మళ్లీ నాకెప్పుడూ ఫోన్ చేయలేదు.

మీరే నిజాంపేటలో ఉండి ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. అప్పుడు ఎవరికీ ఇవ్వొద్దనేవాణ్ణి. బాల్కనీకి టూలెట్ బోర్డు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో, మనిషిని తెస్తే వెయ్యో రెండు వేలో ఇస్తానని వాచ్‌మన్‌కి ఒక మాట. సాధారణంగా ఇంతే చాలు. యాప్‌లలో పెట్టొచ్చు గానీ పెట్టిన గంటకే ఫోన్లు మొదలవుతాయి, అందులో సగం ఏజెంట్లవే, అద్దెకి కావాలన్నట్టే మాట్లాడతారు. "ఎక్కడ పని చేస్తారు, ఎప్పుడు చేరదామనుకుంటున్నారు?" అనడిగితే తడబడతారు. మా పోర్షన్లకి నేను ఇప్పటిదాకా ఎవరికీ కమీషన్ ఇవ్వలేదు. గేటుకి బోర్డు కట్టి, సాయంత్రం పూట అరుగు మీద కూర్చుంటాను.

ఒక సంగతి మాత్రం ఓనరుగా ఒప్పుకోవాలి. కాకి పిల్ల కాకికి ముద్దు. మూడు వారాలు చూపించినా ఎవరూ తీసుకోలేదంటే లోపం ఏజెంటులో కాదు, రేటులో ఉండే అవకాశమే ఎక్కువ. మీ కింది ఫ్లాట్ ఎంతకి చెప్తున్నారో కనుక్కోవద్దు, ఎంతకి పోయిందో కనుక్కోండి. ఆ రెండింటికీ తేడా ఉంటుంది. రేటు తప్పయితే ఏ ఏజెంటుకి ఎంతిచ్చినా దండగే.

"అవసరం ఎవరిదో వాళ్లే ఇవ్వాలి" అన్నారు కదా, బయటి దేశాల్లో ఈ గొడవ చట్టాల దాకా వెళ్లింది. వాళ్లు అవసరం చూడలేదు, ఏజెంటుని పిలిచింది ఎవరని చూశారు. జర్మనీలో 2015 జూన్ నుంచి పిలిచినవాళ్లే ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో 2019 జూన్ 1 నుంచి అద్దెకొచ్చేవాళ్ల దగ్గర ఏజెంటు ఫీజులు తీసుకోకూడదు. న్యూయార్క్ నగరంలో 2025 జూన్ 11 నుంచి ఓనరు పెట్టుకున్న బ్రోకరుకి ఓనరే ఇవ్వాలి, అంతకుముందు అక్కడ అద్దెకొచ్చేవాళ్లు వేల డాలర్లు కట్టేవాళ్లు. ఆ డబ్బు ఓనర్లు అద్దెలో కలిపేస్తారన్న వాదన ఉంది, కొంత నిజం కావచ్చు కూడా. మన దగ్గరైతే అడిగేవాడు లేడు. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం (రెరా) ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్ల గురించే మాట్లాడుతుంది. అద్దెకిప్పించే ఏజెంటుకి దాని కింద రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఇంతకు మించి తీసుకోకూడదన్న హద్దూ అందులో లేదు. మీరు రాయించుకున్నదే చట్టం.

అందుకని ఆ ఏజెంటుకి వాట్సాప్‌లో ఇలా పెట్టండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. "మీకు మొత్తం 12 వేలు ఇస్తాను. అగ్రిమెంట్ అయ్యి, అడ్వాన్స్ నా ఖాతాలో పడ్డ రోజు 7 వేలు. ఆరు నెలల తర్వాత వాళ్లు అక్కడే ఉంటే మిగతా 5 వేలు. వచ్చేవాళ్ల దగ్గర మీరేమీ తీసుకోకూడదు. టోకెన్ కూడా నేరుగా నా ఖాతాకే రావాలి. పదిహేను రోజులు ఈ ఇల్లు ఇంకే ఏజెంటుకీ ఇవ్వను." చివరి మాట అతనికి చాలా ముఖ్యం. లేకపోతే అదే ఇంటికి నలుగురు ఏజెంట్లు తిరుగుతారు, ఎవడో తన్నుకుపోతాడన్న భయంతో ఎవడూ ఒళ్లు వంచి పని చేయడు.

ఆరు నెలల మాట వినగానే నసుగుతాడు. "వాళ్లు వెళ్లిపోతే నా తప్పేముంది సార్" అంటాడు. అది నిజమే, ఉద్యోగం మారి వెళ్లిపోతే అతనేం చేస్తాడు? ఆ ఒక్క కారణానికి మినహాయింపు ఇవ్వండి, పర్వాలేదు. కానీ వచ్చేవాళ్ల దగ్గర కూడా తీసుకుంటానని పట్టుబడితే మాత్రం, "అయితే మీరు వాళ్ల మనిషి, వాళ్ల దగ్గరే తీసుకోండి, నేనివ్వను" అనండి. కోపంగా అనక్కర్లేదు. ఆ ఏరియాలో ఇంకో పదిమంది ఉన్నారు. మాట నిలబెట్టుకున్నాడో లేదో అగ్రిమెంట్ రోజు వచ్చినవాళ్లనే అడిగేయండి, చాలామంది దాచరు.

అగ్రిమెంట్ అంటే గుర్తొచ్చింది. అందరూ అలవాటుగా 11 నెలలకే రాసుకుంటారు. పన్నెండో నెలలో ఏజెంటు మళ్లీ ఫోన్ చేసి రెన్యూవల్ కమీషన్ అడుగుతాడు. ఇవ్వకండి. స్టాంపు పేపరు తెచ్చి సంతకాలు చేయించడానికి తిరిగితే ఐదొందలో వెయ్యో ఇవ్వండి, అంతే.

ఈ ఫీజు ఇన్‌కమ్ ట్యాక్స్‌లో తీసేసుకోవచ్చా అని తర్వాత అడుగుతారు, ఇప్పుడే చెప్తున్నాను. తీసేసుకోలేరు. ఇంటి అద్దె మీద మున్సిపల్ పన్ను పోగా 30 శాతం గుండుగుత్తగా వదిలేస్తారు. ఏజెంటు ఫీజు, పెయింటింగ్, ప్లంబరు, అన్నీ అందులోనే. హోమ్ లోన్ వడ్డీ లెక్క వేరు. ఇది చదివే ఎన్నారైలకి ఓ మాట: మీ ఫ్లాట్‌లో దిగేవాళ్లు అద్దె ఎంతైనా సరే టీడీఎస్ (అద్దెలోంచి ముందే పట్టుకునే ఇన్‌కమ్ ట్యాక్స్) పట్టుకుని కట్టాలి. ఈ సంగతి టోకెన్‌కి ముందే ఏజెంటు చేత చెప్పించండి, చేరాక చెబితే గొడవవుతుంది.

ఇక మీకున్న టైము. జూన్ రెండో వారంలో బడులు తెరిచారంటే పిల్లలున్నవాళ్లు ఇక ఇల్లు మారరు. ఆ తర్వాత ఆషాఢం వస్తుంది, ఆ నెలలో పాలు పొంగించేవాళ్లు బాగా తక్కువ. నచ్చినా "శ్రావణంలో చేరతాం" అంటారు, అద్దె కూడా అప్పట్నుంచే అంటారు. నెల ఖాళీ అంటే మీకు 26 వేల పైమాటే. దీనికి అనుభవమున్న ఏజెంటు చేసే పనేమిటంటే, ఆషాఢం రాకముందే మంచి రోజు చూసి వాళ్ల చేత పాలు పొంగింపజేసి, దేవుడి పటం పెట్టించి, తాళాలు చేతికిస్తాడు. సామాను ఎప్పుడు తెచ్చుకున్నా అద్దె ఆ రోజు నుంచే నడుస్తుంది. మీ ఏజెంటుకి మెసేజ్ పెట్టేటప్పుడు ఇది చేయగలడా అని అడగండి. వెంటనే పంచాంగం తీసి తారీఖు చెబితే పని తెలిసినవాడే, 12 వేలకి ఒప్పుకున్నందుకు మీరే సంతోషించాలి.

ఈలోగా వాచ్‌మన్‌కి ఫోన్ చేసి, ఇవాళే రెండు బాత్రూముల్లోనూ సింకులోనూ ఒక్కో మగ్గు నీళ్లు పోయమనండి.